అయిపోయిందని చెప్పే వంటిళ్లు

జూన్ చివరి వారంలో న్యూజెర్సీలోని ఎడిసన్ నుంచి బోస్టన్ దాకా కారులో వెళ్లి వచ్చాం. నేను, మా ఆయన, మా పాప, భీమవరం నుంచి వచ్చిన అమ్మా నాన్నా. అమ్మకి అట్లాంటిక్ సముద్రం చూడాలని ఉంది. నాన్నకి పాత ఊళ్లంటే ఇష్టం. నాకైతే దారిలో తగిలే ఇటాలియన్ పేటల్లో భోజనం చేయించాలని ఎప్పటి నుంచో కోరిక. అమెరికా వచ్చిన కొత్తలో ఇటాలియన్ తిండి అంటే నాకు తెలిసింది మాల్ పక్కన పెద్ద పార్కింగ్ ఉన్న చెయిన్ రెస్టారెంట్లే. ఆఫీసు లంచ్‌లన్నీ అక్కడే అయ్యేవి. ఇంతేనేమో అనుకుని చాలా ఏళ్లు పాస్తా జోలికే పోలేదు. మన తెలుగు కుటుంబాలు చాలావరకు ఇప్పటికీ అక్కడే ఆగిపోతున్నాయని నాకు గట్టిగా అనిపిస్తుంది. అందుకే వచ్చిన వెంటనే ఇది రాస్తున్నాను.

బుధవారం రాత్రి – కనెక్టికట్, హైవే పక్కన

జార్జ్ వాషింగ్టన్ బ్రిడ్జి దాటేసరికే పొద్దు వాలింది. ట్రాఫిక్ కదల్లేదు. హోటల్‌కి చేరేసరికి తొమ్మిది దాటింది. పాపకి ఆకలి, నాన్నకి నీరసం. హోటల్ ఎదురుగానే ఒక ఇటాలియన్ చెయిన్ బోర్డు వెలుగుతోంది. పాప దాన్ని చూసి ఎగిరి గంతేసింది. అక్కడ బ్రెడ్‌స్టిక్స్ ఎన్ని అడిగితే అన్ని ఇస్తారని దానికి తెలుసు.

టేబుల్ మీద చిన్న టాబ్లెట్ పెట్టారు. అందులో ఒకదాని తర్వాత ఒకటి ఫొటోలు: ఇది కూడా తీసుకోండి, దీనికి చికెన్ కలుపుకోండి, దానికి చీజ్ కలుపుకోండి అని. నాన్న మెనూ మొత్తం తిప్పి, "ఇంత రాత్రప్పుడు ఇవన్నీ ఉన్నాయా అమ్మా?" అని అడిగారు. ఆర్డర్ తీసుకుంటున్న అమ్మాయి అన్నీ ఉన్నాయని చెప్పింది. నిజంగానే అన్నీ ఉన్నాయి. పది నిమిషాల్లో అందరి ప్లేట్లూ ఒకేసారి వచ్చాయి.

నాన్నకి ఫెట్టుచినీ ఆల్ఫ్రెడో. క్రీము చిక్కగా ప్లేటంతా నిండిపోయి, రెండో ముద్దకే మొహం మొత్తింది. పాస్తా మెత్తగా ఉడికిపోయి ఫోర్కుతో ఎత్తితే తెగిపోతోంది. అసలు రోమ్‌లో ఆల్ఫ్రెడో డి లెలియో పేరు మీద పుట్టిన ఆ వంటలో క్రీమే లేదు. వెన్న, పార్మజాన్ చీజ్, పాస్తా ఉడికిన నీళ్లు, అంతే. అమ్మ రొయ్యల పాస్తా తీసుకుంది. ఒక రొయ్య నోట్లో పెట్టుకుని చాలాసేపు నమిలి, "దీనికి నీచు వాసన కూడా లేదేంటే?" అంది. చెరువుల మధ్య పుట్టి పెరిగిన మనిషి. అమ్మ నోటి నుంచి అంతకన్నా పెద్ద ఫిర్యాదు ఉండదు. నా వంకాయ ముక్కలు పైన కరకరలాడుతూ లోపల చల్లగా ఉన్నాయి. సాస్ తియ్యగా ఉంది. ఉప్పు మాత్రం ఎక్కడా లేదు.

ఉప్పు సంగతికి ఒక కథ ఉంది. 2014లో ఒక పెట్టుబడి సంస్థ, తాను వాటాలు కొన్న పెద్ద ఇటాలియన్ చెయిన్ ఎందుకు దెబ్బతింటోందో వివరిస్తూ దాదాపు 300 పేజీల ప్రజెంటేషన్ విడుదల చేసింది. పాస్తా ఉడికించే నీళ్లలో ఆ చెయిన్ ఉప్పు వెయ్యడం మానేసిందని, గిన్నెల వారంటీ ఎక్కువ కాలం రావడం కోసమే అలా చేసిందని అందులో ఉంది. మేం తిన్నచోట ఏం చేస్తున్నారో నేను చూడలేదు. కానీ పాస్తాకి ఉప్పు ఉడికేటప్పుడే పట్టాలి. తర్వాత పైన ఎంత చల్లినా లోపలికి వెళ్లదు. గిన్నె కోసం అన్నాన్ని చప్పగా చేశారన్న మాట విన్నప్పుడల్లా నాకు బాధేస్తుంది.

వడ్డించిన అమ్మాయిని మాత్రం నేను తప్పు పట్టను. ఒక్కతే ఆరేడు టేబుళ్ల మధ్య పరిగెడుతోంది. అమ్మ కుర్చీలోంచి లేవడానికి ఇబ్బంది పడుతుంటే వచ్చి చెయ్యి పట్టుకుంది. టిప్పులు వచ్చే పనివాళ్లకి ఈ దేశంలో ఫెడరల్ కనీస వేతనం 1991 నుంచి గంటకి 2.13 డాలర్ల దగ్గరే ఆగిపోయింది. కనెక్టికట్ లాంటి రాష్ట్రాల్లో కాస్త ఎక్కువ. ఆ వంట ఆమె చేతిలోది కాదు. ఆ మాటకొస్తే అక్కడ వంటింట్లో ఉన్నవాళ్ల చేతిలోది కూడా కాదు. రుచి ఎలా ఉండాలో ఎక్కడో హెడాఫీసులో ముందే తేలిపోయింది. టిప్పుతో కలిపి బిల్లు 120 డాలర్లు. సగం ప్లేట్లలోనే ఉండిపోయింది.

గురువారం – న్యూ హేవెన్, ఉస్టర్ స్ట్రీట్

పొద్దున యేల్ యూనివర్సిటీ పాత భవనాల మధ్య నాన్నని తిప్పి, పదకొండు కాకుండానే ఉస్టర్ స్ట్రీట్‌కి చేరాం. ఇటలీలోని అమాల్ఫీ తీరం నుంచి వచ్చిన ఫ్రాంక్ పెపె 1925లో ఇక్కడ పిజ్జా షాపు తెరిచాడు. ఆయన మేనల్లుడు 1938లో అదే వీధిలో శాలీస్ అనే పిజ్జా షాపు పెట్టాడు. ఈ ఊళ్లో దాన్ని పిజ్జా అనరు, "అబీట్స్" అంటారు. అది నేపుల్స్ వైపు యాస.

పెపె ముందు అప్పటికే క్యూ ఉంది. మా ముందు నిలబడ్డ పెద్దాయన అక్కడివాడే. మేం కొత్త అని కనిపెట్టి, ఏం ఆర్డర్ చెయ్యాలో తనే చెప్పాడు (పై అంటే పిజ్జానే, క్లామ్ అంటే ఆల్చిప్ప లాంటి గుల్లలో ఉండే సముద్రపు జీవి): "ముందు ఒక ప్లెయిన్ టొమాటో పై. మొజరెల్లా కావాలంటే విడిగా అడగాలి, ఇక్కడ అది టాపింగ్ కింద లెక్క. తర్వాత క్లామ్ పై. దాని మీద మాత్రం మొజరెల్లా అడక్కండి." చివరి మాట చాలా గట్టిగా చెప్పాడు. చీజ్ మీద చీజ్ వేసుకోమని రాత్రంతా టాబ్లెట్ బతిమాలిన తర్వాత, వద్దని చెప్పే మనిషి దొరకడం నాకు ఎంతో హాయిగా అనిపించింది.

లోపల బొగ్గు పొయ్యి. చాలా పొడుగు కర్ర ఉన్న గరిటల్లాంటి చెక్కలతో పిజ్జాలు లోపలికి తోసి, తిప్పి, బయటికి లాగుతున్నారు. గుండ్రంగా లేవు. ఏ రెండూ ఒకలా లేవు. అంచులు అక్కడక్కడ నల్లగా మాడి ఉన్నాయి. నాన్న మొదట, "మాడిపోయింది కదమ్మా, మార్చమను" అన్నారు. ఒక ముక్క కొరికాక ఆ మాట మళ్లీ ఎత్తలేదు. మాడిన అంచులోని చిరుచేదు, టొమాటో పులుపు, ఆలివ్ నూనె. చీజ్ అంటూ ఉన్నది పైన తురిమి చల్లిన కాస్త పెకొరీనో మాత్రమే.

క్లామ్ పై వచ్చినప్పుడు టేబుల్ దగ్గర మాటలు ఆగిపోయాయి. అప్పుడే గుల్లల్లోంచి తీసిన చిన్న క్లామ్స్, దండిగా వెల్లుల్లి, ఒరెగానో, నూనె, పెకొరీనో. సాస్ లేదు. అమ్మ వాసన చూసి, "ఇదిగో, ఇది సముద్రంలోంచి వచ్చింది" అంది. పెద్ద పైలో సగం ఒక్కతే తినేసింది. దానితో పక్క ఊరు ఈస్ట్ హేవెన్‌లో 1922 నుంచి తయారయ్యే ఫాక్సన్ పార్క్ సోడా తాగాం. వైట్ బర్చ్ రకం నాన్నకి అస్సలు నచ్చలేదు. జలుబు మందు వాసనన్నారు. రెండు పెద్ద పైలు, సోడాలు, టిప్పు కలిపి 90 డాలర్ల లోపే అయింది. ప్లేట్లో ముక్క కూడా మిగల్లేదు.

ఇక్కడ ఒక మాట చెప్పకపోతే న్యాయం కాదు. పెపెకి 2006 నుంచి వేరే ఊళ్లలోనూ బ్రాంచీలు వచ్చాయి. లెక్క ప్రకారం అదీ చెయినే. బ్రాంచీల్లో నేను తినలేదు కాబట్టి వాటి గురించి మాట్లాడను. కానీ నా గొడవ బోర్డుల సంఖ్యతో కాదు. పొయ్యి ముందు నిలబడ్డ మనిషికి, ఇంకాసేపు ఉంచాలా, ఇప్పుడే తియ్యాలా అని నిర్ణయించే హక్కు ఉందా లేదా, అది నాకు ముఖ్యం. ఉస్టర్ స్ట్రీట్‌లో ఆ హక్కు ఉన్నవాణ్ణి కళ్లారా చూశాను.

శుక్రవారం మధ్యాహ్నం – ప్రావిడెన్స్, ఫెడరల్ హిల్

అట్‌వెల్స్ అవెన్యూ మొదట్లో రోడ్డుకి అడ్డంగా పెద్ద ఆర్చి, దాని మధ్యలో వేలాడుతూ ఒక కంచు కాయ. పాప అనాసపండు అంది. చాలామంది అలాగే అనుకుంటారు, కానీ అది పైన్ చెట్టు కాయ. ఇటాలియన్లకి సమృద్ధికి, ఆతిథ్యానికి గుర్తు. 1914 ఆగస్టు చివర్లో, పాస్తా ధర పెంచారని ఇదే పేటలో జనం రోడ్డెక్కారు. ఒక హోల్‌సేల్ వ్యాపారి అద్దాలు పగలగొట్టి, సరుకంతా వీధిలోకి విసిరేశారు. దాన్ని మాకరోనీ అల్లర్లు అంటారు. నాన్నకి ఈ కథ విపరీతంగా నచ్చింది. బియ్యం ధర పెరిగితే మన దగ్గరా ఊరుకోరు కదా అని ఆర్చి కిందే నిలబడి చాలాసేపు మాట్లాడారు.

ఒక బేకరీలో పిజ్జా స్ట్రిప్స్ తీసుకున్నాం. రోడ్ ఐలండ్ అనే ఈ చిన్న రాష్ట్రం ప్రత్యేకత ఇది. మందపాటి రొట్టె మీద చిక్కటి టొమాటో, చీజ్ ఉండదు, వేడి కూడా చెయ్యరు. పాప చీజ్ లేదని మూతి ముడిచింది. బేకరీలో పెద్దావిడ కౌంటర్ మీద నుంచి వంగి, "ఒకటి తిను, నచ్చకపోతే డబ్బులు వద్దు" అంది. పాప రెండు తింది. ఆవిడ రెండింటికీ డబ్బులు తీసుకుంది, నవ్వుతూ.

భోజనానికి పక్క సందులో ఒక చిన్న చోటు. పది టేబుళ్లు కూడా లేవు. గోడ మీద పలక, దాని మీద సుద్దతో రాసిన వంటలు, అప్పటికే రెండిటి మీద అడ్డగీత. నాన్న ఆ గీతలు చూపించి ఏంటని అడిగారు. అయిపోయాయని చెప్పాను. "పన్నెండున్నరకేనా!" అన్నారు. ఆ గొంతులో మెప్పే వినిపించింది నాకు. పొద్దున కొన్నది మధ్యాహ్నానికి అయిపోతే ఆ వంటిల్లు నడుస్తున్నట్టు లెక్క. బుధవారం రాత్రి నాన్న అడిగిన ప్రశ్న అప్పుడు నాకు సరిగ్గా అర్థమైంది. ఎప్పుడు అడిగినా అన్నీ ఉండే చోట, అవి ఎప్పుడు వండినవో ఎవరికీ తెలియదు.

కలమారీ చెప్పాం. స్క్విడ్ అనే సముద్రపు జీవి ముక్కలు వేయించి, పైన ఊరబెట్టిన కారపు మిరపకాయలు, వెల్లుల్లి వేసి కలిపి ఇస్తారు. 2014లో రోడ్ ఐలండ్ చట్టసభ దీన్ని రాష్ట్ర అధికారిక అపెటైజర్‌గా ప్రకటించింది. అమ్మ ఆ మిరపకాయలు ఇంకొన్ని కావాలంది. యజమానురాలు చిన్న గిన్నెలో తెచ్చిపెట్టి, అమ్మ తినేదాకా పక్కనే నిలబడి చూసింది. భాష రాకపోయినా ఇద్దరూ ఏదో మాట్లాడుకున్నారు. తర్వాత మేం రెండు పాస్తాలు, ఒక చేప, ఇంకో సైడ్ చెప్పబోతే ఆవిడ పెన్ను ఆపేసి, "మీరు అయిదుగురే, చేప తీసెయ్యండి, చాలదంటే అప్పుడు చూద్దాం" అంది. చాలింది. తనకి రావాల్సిన 30 డాలర్లు తనే తగ్గించుకుంది. నేను చాలా రోజులు మర్చిపోలేను ఆవిణ్ణి.

శుక్రవారం రాత్రి – దారి తప్పి ఈస్ట్ బోస్టన్

బోస్టన్ నగరం కింద హైవే సొరంగంలో పోతుంది. లోపల జీపీఎస్ సిగ్నల్ పోయింది. ఎగ్జిట్‌లు వెంటవెంటనే వచ్చాయి. మా ఆయన తీసుకున్న ఎగ్జిట్ కలహాన్ టన్నెల్‌లోకి వెళ్లింది, అంటే హార్బర్ కింద నుంచి ఎయిర్‌పోర్టు వైపు. వెనక్కి తిరగడానికి లేదు. బయటపడి కారు ఆపుకునేసరికి ఎదురుగా శాంటార్పియోస్ రెస్టారెంట్. ఎవరో కావాలని తీసుకొచ్చినట్టు!

హైవే పక్కన పాత ఇల్లులా ఉంటుంది. తలుపు తియ్యగానే మటన్ కాలుతున్న వాసన. గొర్రె మాంసం ముక్కలు, సాసేజ్ చువ్వలకి గుచ్చి నిప్పుల మీద కాల్చి, ఊరబెట్టిన మిరపకాయలతో, రొట్టె ముక్కతో ఇస్తారు. ఇవి కాకుండా పిజ్జా. మెనూ అంటే దాదాపు అంతే. సాసేజ్‌లో పంది మాంసం ఉందని వడ్డించే ఆయన అడక్కుండానే చెప్పాడు, మా అమ్మ బొట్టు చూసో, పాప మొహం చూసో. మాటలో మర్యాద తక్కువ, మనసులో ఎక్కువ. మటన్ మాత్రం అందరం ఎగబడి తిన్నాం. నాన్న అయితే మర్నాడు శనివారం, మాంసం ముట్టరు కాబట్టి, ఆ లోటు ముందే తీర్చుకున్నారు.

శనివారం – బోస్టన్, నార్త్ ఎండ్

హానోవర్ స్ట్రీట్‌లో గలేరియా ఉంబర్టో అనే రెస్టారెంట్ పదకొండు గంటల ప్రాంతంలో తెరుస్తారు. సరుకు అయిపోగానే మూసేస్తారు. రాత్రి భోజనం అనేదే లేదు. క్యాష్ మాత్రమే. 2018లో అమెరికా వంటల రంగంలో పేరున్న జేమ్స్ బియర్డ్ ఫౌండేషన్ అమెరికా క్లాసిక్స్ అవార్డు ఇచ్చినా ఈ పద్ధతి మారలేదు. తలుపు తెరవకముందే మేం క్యూలో ఉన్నాం. మా వెనక కట్టుబడి పనివాళ్లు, సూట్లు వేసుకున్నవాళ్లు, చేతికర్రతో ఒక బామ్మ. ఆ బామ్మని అందరూ ముందుకి పంపేశారు, ఎవరూ ఏమీ అనలేదు.

పెద్ద పెద్ద పళ్లాల్లోంచి నలుచదరంగా కోసిన సిసిలియన్ పిజ్జా ముక్కలు. పంజరోట్టీ, అంటే బంగాళాదుంపని మెదిపి పైన రొట్టె పొడి అద్ది వేయించినది. నాన్న కొరికి కళ్లు మూసుకుని, మన రైల్వే స్టేషన్ ఆలూ బోండా పోపు లేకుండా వచ్చినట్టుందన్నారు. అరంచీనీ అన్నపు ఉండల్లో గొడ్డు మాంసం ఉంటుంది, మన వాళ్లు అడిగి తీసుకోవడం మంచిది. అయిదుగురం కడుపు నిండా తింటే 25 డాలర్లు కూడా కాలేదు. నాన్న ఇంకో పంజరోట్టీ కోసం మళ్లీ క్యూలో నిలబడ్డారు. ఆయన వంతు వచ్చేసరికి పళ్లెం ఖాళీ. కౌంటర్ దగ్గర కుర్రాడు రెండు చేతులూ చాచి చూపించాడంతే.

అలాగని ఇటాలియన్ పేటలో ఉన్నంత మాత్రాన అన్నీ మంచివని కాదు. సాయంత్రం వాన పట్టుకుంటే అదే వీధిలో, గుమ్మం ముందు నిలబడి పిలుస్తున్న ఒక రెస్టారెంట్‌లోకి దూరాం. ప్లాస్టిక్ తొడుగేసిన పెద్ద మెనూ, ఫొటోలు, అరవై దాకా వంటలు. నాన్న చూడగానే, "ఇక్కడ కూడా అన్నీ ఉన్నట్టున్నాయే" అన్నారు. అన్నట్టే అయింది. టొమాటో సాస్ తీపి, పాస్తా ముద్ద, బిల్లు 140 డాలర్లు. హైవే పక్కన చెయిన్‌కీ దీనికీ తేడా కిటికీలోంచి కనిపించే వీధి మాత్రమే. నార్త్ ఎండ్‌కి టూరిస్టులు పెరిగారు, అద్దెలు పెరిగాయి. ఇలాంటి చోట్లు బతికేది మళ్లీ రాని కస్టమర్ల మీద. ఉంబర్టో క్యూలో బామ్మ లాంటివాళ్లు ఒక్కసారి ఆ సాస్ తింటే వీధి మొత్తానికి తెలిసిపోతుంది.

కనోలీ అనే మిఠాయి గొట్టాలు మాత్రం మోడర్న్ పేస్ట్రీ అనే కొట్లో తిన్నాం. అడిగాక అప్పుడు రికొటా అనే మెత్తటి చీజ్ నింపి ఇస్తారు కాబట్టి గొట్టం కరకరలాడుతుంది. ముందే నింపి అద్దాల వెనక పెట్టినవి ఎక్కడ దొరికినా వదిలెయ్యండి.

ఆదివారం – న్యూయార్క్, బ్రాంక్స్, ఆర్థర్ అవెన్యూ

బోస్టన్ నుంచి తెల్లారగట్లే బయల్దేరాం. బొర్గాట్టీస్ ఆదివారం మధ్యాహ్నానికే మూసేస్తారు. ఈస్ట్ 187వ వీధిలో, మౌంట్ కార్మెల్ చర్చికి దగ్గర్లో, 1935 నుంచి ఒకే కుటుంబం నడుపుతున్న పాస్తా కొట్టు. పలచగా చాపిన పిండి రేకులు ఉంటాయి. మనకి ఏ వెడల్పు కావాలో చెబితే మిషన్లో పెట్టి కోసి, మొక్కజొన్న పిండి చల్లి, కాగితంలో చుట్టి ఇస్తారు. చర్చి నుంచి వచ్చిన జనంతో కొట్టు నిండి ఉంది. ఏ సాస్ వండుతున్నావని నన్ను అడిగారు. టొమాటో, వెల్లుల్లి అన్నాను. అయితే ఇంత వెడల్పు వద్దని సన్నది చూపించారు. చీజ్ రావియోలీ, అంటే లోపల చీజ్ కూరిన పాస్తా, రెండు పెట్టెలు కూడా తీసుకున్నాం. పాలకూరవి అప్పటికే అయిపోయాయి.

సాయంత్రం ఎడిసన్‌లో నీళ్లు మరిగించి ఉప్పు దండిగా వేశాను. తాజా పాస్తా రెండు మూడు నిమిషాల్లో ఉడికిపోతుంది, పక్కనే నిలబడాలి. అమ్మ ఆలివ్ నూనెలో వెల్లుల్లి, ఎండుమిర్చి వేయించి అందులోకి పాస్తా లాగింది. నీళ్లు పూర్తిగా వంపకుండా ఒక గరిటె ఉంచమన్నాను, ఆ గంజి నీళ్లే నూనెని చిక్కబరుస్తాయి. పాప చీజ్ అడక్కుండా తినేసి, బ్రెడ్‌స్టిక్స్ చెయ్యడం వచ్చా అమ్మమ్మా అని అడిగింది. అమ్మ వచ్చే ఆదివారం ప్రయత్నిద్దామంది. ఒక రావియోలీ పెట్టె ఫ్రీజర్లో ఉంది. నాన్న వెళ్లేలోపు ఫిలడెల్ఫియాలో నైన్త్ స్ట్రీట్ ఇటాలియన్ మార్కెట్ కూడా చూపించమన్నారు. ఈసారి పొద్దున్నే వెళ్దామని, క్యాష్ ఎక్కువ పెట్టుకోమని ఆయనే చెబుతున్నారు.